గండికోటలో నొక దినము

ఇటలీ దేశపు టుత్తరభాగమున గార్డా యను సరస్సు గలదు. ఆ దేశపు సరస్సులలో నెల్ల నిదియే పెద్దది. దీని వైశాల్యము 370 చదరపు కిలోమీటరులు; మిక్కిలి లోతైన చోట 346 మీటరుల లోతుండును. దక్షిణపు గట్టునుండి సన్నని నేలనాలుక యొకటి నీటిలోనికి జొచ్చుకొనిపోయినది. ఆ నాలుకమీద సిర్మియోనె యను చిన్నపట్టణ మున్నది. పట్టణములోనికి బోవలయునన్న మొదట నొక కోటను దాటవలెను. వెరోనా నగరము నేలిన స్కాలిజరు ప్రభువులు దానిని గట్టించిరి. కోటగోడలను నీరు నలుదెసల నొరసికొని యుండును. నావలు నిలుపుటకై కోటలోపలనే గోడలతో జుట్టబడిన రేవు గలదు. వేసవి వచ్చినచో బహుదేశములవారు ఆ గోడల నీడను, ఆ నీలిజలమును జూచుటకు గుంపులుగా వత్తురు.

ఈ సంగతిని మేము భూగోళపు తరగతిలో జదువుచుండగా మాలో నొకడు లేచి, "అయ్యవారూ, మన దేశమున నిట్టి చోటు లేదా?" యని యడిగెను. అయ్యవారు కొంచెము నవ్వి, "పాణ్యమునుండి యొక పూటలో జేరదగిన దూరముననే యున్నది. అచ్చట గోటచుట్టును సరస్సు లేదు. అగాధమైన గండి యున్నది. గండి యడుగున నీరున్నది. మీరు చూచి వచ్చి యేది గొప్పదో నాకే చెప్పుడు" అనిరి. ఇట్లు మా గండికోట యాత్ర నిశ్చయమయ్యెను. చరిత్ర, భూగోళము, విజ్ఞానశాస్త్రము బోధించు ముగ్గు రుపాధ్యాయులును మాతో వచ్చుట కొప్పుకొనిరి గనుక మూడు పాఠములు నొక్కటే దినమున జరిగినవి. ఈ వ్యాసమున మేము వ్రాయునది ఆ పాఠముల సారమే గాని, బస్సులో బాడిన పాటలనుగూర్చియు, దారిలో దిన్న పులిహోరనుగూర్చియు గాదు.

తెల్లవారుజామున పాణ్యము విడిచి దక్షిణముగా బనగానపల్లె దారిని బోయితిమి. ఊరు దాటగనే భూగోళపు టయ్యవారు కిటికీవైపు వ్రేలు చూపి, "మీ రిన్నాళ్లును ఈ గుట్టలమీద మేకలను దోలితిరి, గాలిపటముల నెగురవేసితిరి. ఈ రాతి పేరేమో యెవరికైన దెలియునా?" యనిరి. ఎవరికిని దెలియలేదు. ఆ రాతిపేరు పాణ్యము క్వార్ట్‌జైటు. ఇసుక పొరలు పొరలుగా బేరుకొని, యుగములు గడచినకొలది గట్టిపడి యేర్పడిన ఱాయి యది. 1872వ సంవత్సరమున విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలనుగూర్చి పెద్దగ్రంథము ప్రకటించెను. నాటినుండి మన చుట్టుపట్ల నున్న యూళ్ల పేళ్లే యా శిలాస్తరములకు నిలిచినవి. అన్నిటికంటె క్రింద బనగానపల్లె పొర. దానిమీద నార్జి సున్నపుఱాయి. ఆపై అవుకు పలకఱాయి. దానిపైని మన పాణ్యము క్వార్ట్‌జైటు. ఆ మీద కోయిలకుంట్ల సున్నపుఱాయి. అన్నిటికి బైని నంద్యాల పలకఱాయి. లోకమున నే దేశపు శాస్త్రజ్ఞుడైనను కర్నూలు శిలలనుగూర్చి చదివినచో బాణ్యము పేరును బలుకక తప్పదు. ఈ మాట వినినప్పుడు మాకు గలిగిన గర్వము కొంచె మధికమే యని యొప్పుకొనక తప్పదు. ఆ ఱాతిని మేము చేసినవారము గాము గదా!

బనగానపల్లె యనగనే అందఱకును మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. 2017లో నా పండునకు భౌగోళిక గుర్తింపును లభించినది. కాని బనగానపల్లె పొర యనబడు నా యడుగు ఱాతిలో పూర్వము వజ్రములు దొరికెడివనియు, జనులు గుంతలు ద్రవ్వి వానిని వెదకెడివారనియు మాకు దెలియదు. 1948వఱకు ఈ యూరు నవాబులయేలుబడిలో నొక చిన్నసంస్థానముగా నుండెను. ఊరి వెలుపల గుట్టమీద వారి పాత బంగళా యొకటి శిథిలమై నిలిచియున్నది. మాకు గండికోటయే గమ్యము గనుక దానిని దూరమునుండియే చూచి సాగిపోయితిమి.

దారిలో నింకొక సంగతి మా మనస్సునకు హత్తుకొన్నది. పాణ్యము మండలమున గోరకల్లు జలాశయ మున్నదని మే మందఱ మెఱుగుదుము. శ్రీశైలము జలాశయమునుండి పోతిరెడ్డిపాడు తూములగుండ వచ్చు కృష్ణానీరు బనకచెర్లవద్ద చీలి, గోరకల్లు చేరును. అచ్చటనుండి యవుకు జలాశయమునకు బోవును. అవుకువద్ద కొండను దొలిచి సొరంగములు త్రవ్వినారు. ఆ సొరంగములగుండ నీరు కొండ కావలిప్రక్కకు బోయి, తుద కేమగును? గండికోట జలాశయమున బడును. అనగా మేము బస్సులో బోవుచున్న దారినే మా యూరి ప్రక్కనుండి నీరును బోవుచున్నదన్న మాట. అది పెన్నలో గలియుచున్నది. కృష్ణ యెక్కడ, పెన్న యెక్కడ! ఒకటి పడమటి కనుమలలో బుట్టిన మహానది. రెండవది మైసూరుసీమలోని నందిదుర్గపు కొండలలో బుట్టి, 597 కిలోమీటరులు ప్రవహించి నెల్లూరుసీమలో సముద్రమును జేరు నెండయేఱు. ఈ రెంటికిని మనుష్యుడు చేసిన వియ్యమే గాలేరు–నగరి కాలువ.

జమ్మలమడుగు చేరునప్పటికి బ్రొద్దు బారెడెక్కినది. అచ్చటనుండి పడమరగా గండికోటకు 15 కిలోమీటరులు. దారి యెఱ్ఱమల కొండలమీదికి మెల్లగా నెక్కును. తుదిదాక గొప్ప కోట యున్నదనియే తోపదు. చదునైన బీడుభూమి, ముండ్లపొదలు, అక్కడక్కడ నెఱ్ఱని బండలు. అంతలో నా బీడులోనుండి గోడ యొకటి లేచి నిలుచును. తూర్పుదెస నున్న సింహద్వారమున బ్రవేశించితిమి. ద్వారము వంకరగా దిరుగును; ఏనుగులతో దలుపులను గ్రుమ్మింపవచ్చిన శత్రువునకు బరుగెత్తుటకు దావు చిక్కకుండ నట్లు గట్టిరని చరిత్రోపాధ్యాయులు చెప్పిరి. చెరువుకట్ట తెగినచో "గండి పడినది" యందుము గదా. ఇచ్చట గొండకే గండి పడినది. ఆ గండిమీది కోట గండికోట. ఇంతకంటె వేఱు వ్యుత్పత్తి యక్కరలేదు.

కోటలోని యూరు దాటి, మసీదు ప్రక్కగా బండలమీద నడచి పోయితిమి. హఠాత్తుగా నేల యాగిపోయినది. సుమారు 300 అడుగుల క్రింద పెన్న. రెండుప్రక్కలను ఎఱ్ఱని ఱాతిగోడలు, కొలతబద్ద పెట్టి చెక్కినట్లు నిలువుగా నున్నవి. మాటలాడుచున్న పిల్లలందఱు నొక్కసారిగా మౌనము వహించిరి. అంచున గట్టుగోడ యేమియు లేదు. విజ్ఞానశాస్త్రపు టయ్యవారు మమ్ముల నొకరి చేయి నొకరము పట్టుకొని వరుసగా గూర్చుండుడని యాజ్ఞాపించిరి. గాలి బలముగా వీచుచుండెను. ఫోటో తీసికొనవలెనని యంచుమీద నిలువబోయిన వానిని వెనుకకు లాగి కూర్చుండబెట్టిరి. ఇచ్చటికి బోదలచిన పాఠకులు ఈ మాటను మఱువకుందురు గాక.

అట్లు కూర్చుండియే భూగోళపాఠము వింటిమి. నదికి గొండ యడ్డమువచ్చినచో జుట్టు దిరిగి పోవలెను గాని, కొండను నిలువున గోసికొని యేల పోయినది? మాలో నొకడు భూకంపమువలన గొండ పగిలినదనెను. ఇంకొకడు మహర్షి యెవరో దారి యిచ్చియుండుననెను. అయ్యవారు రెంటిని విని, ఱంపపు కోతను జూచితిరా యని యడిగిరి. ఱంపము కదలుచుండగా దూలమును మెల్లగా బైకి నెత్తినచో నేమగును? ఱంప మున్న చోటనే యుండి దూలమును గోయును. ఇట్టి లోయలకు భూశాస్త్రజ్ఞులు చెప్పు కారణమును నదియే. ఏఱు ముందు, ఎత్తు తరువాత. నేల మెల్లమెల్లగా బైకి లేచుచుండగా, అప్పటికే పాఱుచున్న నది తన దారి విడువక కోసికొనుచు బోయినది. ఇక గోడలు నిలువుగా నుండుటకు గారణము ఱాయియే. ఇచ్చటి క్వార్ట్‌జైటు పొరలు చదునుగా బఱచికొని యున్నవి. వానిలో నిలువు పగుళ్లు గలవు. క్రింద నీరు తినివేసినకొలది పైబండ యా పగులువెంబడి చదరముగా విఱిగి పడును. అందుచే మేస్త్రి కట్టిన గోడవలె గానవచ్చును. ఈ గండికోట క్వార్ట్‌జైటు మన పాణ్యపు ఱాతికంటెను బాతది. దాని వయస్సు నూఱుకోట్ల యేండ్ల ప్రాంతమని యెంచుదురు. గార్డా సరస్సునన్ననో మంచునదులు, అనగా హిమానీనదములు, త్రవ్విపోయిన గుంట యది. అచ్చట మంచు పనిచేసినది, ఇచ్చట వానయేఱు పనిచేసినది. ఇచ్చటి పని బహు నిదానమైనది.

ఇక గోట చరిత్ర. ఈ కోటను 1123లో గాకరాజను నాతడు ఇసుకకోటగా మొదట గట్టించెననియు, అతడు కల్యాణి చాళుక్యుడైన యాహవమల్ల సోమేశ్వరుని సామంతు డనియు నెల్లెడల వ్రాసియున్నారు. చరిత్రోపాధ్యాయులు దీనిని మాకు జెప్పి, "ఇందు దప్పేమి?" యనిరి. మేము పాఠ్యపుస్తకము దెఱచి చూచితిమి. ఆహవమల్లుడని బిరుదు గల మొదటి సోమేశ్వరుడు 1068లోనే మరణించెను. అట్లైనచో 1123లో నతనికి సామంతు డెట్లుండును? సంవత్సరమైన దప్పు గావలెను, రాజుపేరైన దప్పు గావలెను. కథలను నమ్మరాదని దీని యర్థము కాదు. రెండు కథలను ప్రక్కప్రక్కన బెట్టి సరిపోల్చిన దనుక నమ్మరాదని మాత్రమే. మా తరగతిలో నప్పటివఱకు దేదీల నసహ్యించుకొనిన వారికిగూడ నీ పరీక్ష మిక్కిలి రుచించెను.

తరువాతి కాల మింతకంటె స్పష్టము. విజయనగర రాజుల కాలమున బెమ్మసాని నాయకు లీ కోటను బాలించిరి. వారిలో రామలింగనాయుడు శ్రీకృష్ణదేవరాయల సేనానులలో బ్రసిద్ధుడు. 1520 నాటి రాయచూరు యుద్ధమున నాతని పరాక్రమమునుగూర్చి కథలు గలవు. 1565లో విజయనగరము పాడైన పిమ్మటను వారు కోటను నిలుపుకొనిరి. తుదకు 1650లో గోలకొండ సుల్తాను సేనాపతి మీర్ జుమ్లా దీనిని బట్టుకొనెను. ఇంత దుర్గమమైన కోట బాహాబాహి యుద్ధమున బోలేదనియు, లోపలివారి ద్రోహమువలన బోయినదనియు జనులు చెప్పుకొందురు. ఓడిపోయిన ప్రతికోటనుగూర్చియు నిట్లే చెప్పుకొందురని మా యయ్యవారి యభిప్రాయము.

మీర్ జుమ్లా యద్భుతమైన మనుష్యుడు. పారసీక దేశమున బేదయింట బుట్టి గోలకొండకు వచ్చి, వజ్రముల వ్యాపారమున గోట్లు గడించి, మంత్రియై సేనానియై, పిదప 1655–56లో గోలకొండను విడిచి మొగలాయిల పక్షము జేరి, వంగదేశపు సుబేదారుగా నస్సాముపై దండెత్తి 1663లో మృతినొందెను. ఈతడు గండికోటలో నున్నప్పుడు, 1652 సెప్టెంబరు మాసమున, టావర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు ముత్యములను అమ్మజూపుటకై యిచ్చటికి వచ్చెను. సుల్తాను కొనవలెనన్న మొదట వానిని మీర్ జుమ్లా చూడవలెనని నియమము. టావర్నియే తన ప్రయాణగ్రంథమున గండికోటను కర్ణాటక దేశపు దృఢతమములైన స్థలములలో నొకటిగా వర్ణించెను. కొండమీదికి ఒక్కటే దారి యనియు, దాని ప్రక్కనే యగాధ మనియు వ్రాసెను. ఆ కొలువునుగూర్చి యాతడు చెప్పిన యొక ముచ్చట మా కందఱకును నవ్వు దెప్పించెను. నవాబు డేరాలో వట్టికాళ్లతో గూర్చుండి, కాలివ్రేళ్ల సందులలో గొన్ని, ఎడమచేతి వ్రేళ్ల సందులలో గొన్ని యుత్తరములను గ్రుచ్చుకొని యుండెనట. ఒక్కొక్కదానిని దీసి, దానికి బ్రత్యుత్తరము చెప్పి వ్రాయించుచు, ఆ మధ్యనే నేరస్థులను విచారించి శిక్షలు విధించుచుండెనట. వ్రాతబల్లయు సొరుగులు నక్కరలేని యధికారి!

కాని యదే గ్రంథమున నవ్వురాని సంగతియు గలదు. మీర్ జుమ్లా యిరువది ఫిరంగులను పోతపోయింపదలచెను. ఆ పనికై యొక ఫ్రెంచివానిని గుదుర్చుకొనెను. ఫిరంగులకు రాగి కావలెను. రాగి యెక్కడిది? దేశమున నున్న దేవాలయములలోని విగ్రహములను దెప్పించి కొలిమిలో వేయించెను. అవి కరగినవి. కాని గండికోటలోని గుడికి జెందిన యాఱు విగ్రహములు మాత్రము కరగలేదట. నవాబు పూజారులు మంత్రము వేసిరని వారిమీద గోపగించెనట. ఎంత సెలవుచేసినను ఫలింపలేదు. తుదకు ఫిరంగులును సరిగా గాలేదు. ఒకటి పగిలినది, మఱియొకటి యసంపూర్ణమైనది. పోతపనివాడు కొలువు విడిచిపోయెను.

ఈ కథ వినిన వెంటనే మాలో రెండు పక్షము లేర్పడినవి. దేవుని మహిమ యని కొందఱు. కొలిమి చాలలేదని కొందఱు. విజ్ఞానశాస్త్రపు టయ్యవారు మమ్ముల నాపి, లెక్క చెప్పిరి. శుద్ధమైన రాగి 1085 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి గరగును. తగరము కలిపిన కంచు అంతకంటె దక్కువ వేడిమికే కరగును. అయితే రాగికంటె వేడిమిని వేగముగా ప్రసరింపజేయు లోహములు తక్కువ. పెద్దవిగ్రహమును ముక్కలు చేయక యట్లే నిప్పులో నిలిపినచో, ఒకప్రక్క దగిలిన వేడి మొత్తమునకు బ్రాకిపోయి, అంతయు గరగు వేడిమికి వచ్చుటకు జాల బొగ్గును, పెద్ద తిత్తులును గావలెను. చిన్నవి కరగుట, పెద్దవి కరగకుండుట యింతమాత్రమున వింతగాదు. "అయినను టావర్నియే యా కొలిమిని గొలిచి వ్రాయలేదు, నేనును జూడలేదు. మీలో మహిమ యనువారిని నేను గాదనలేను, కొలిమి చాలలేదనువారు మాత్రము తమ మాటను కొలిమిపెట్టి నిరూపింపవచ్చును" అని యాయన ముగించెను. ఈ వివాదము మధ్యాహ్నభోజనము వఱకును సాగెను. మాలో నొక బాలిక మాత్రము, "కరగిన విగ్రహముల మాట యెవరును మాటలాడరేమి?" యని యడిగెను. ఆ ప్రశ్నకు నిరుపక్షములవారును సమాధానము చెప్పలేదు.

భోజనానంతరము కోటలోని కట్టడములను జూచితిమి. మాధవరాయస్వామి యాలయపు గోపురము దూరమునుండియే కన్నులను లాగును. మంటపస్తంభములమీద శిల్పము సన్నని పని. గర్భగృహము శూన్యము. రంగనాథాలయమును నట్లే. ఈ రెండు గుళ్లలో దీపము లేకున్నను గబ్బిలముల కేమియు గొదువ లేదు. జామా మసీదు నడిమి ముంగిలి విశాలమైనది. చుట్టును చిన్నచిన్న కమానుల వరుస. దాని సమీపముననే ధాన్యాగారము. ఇంత పెద్ద ధాన్యాగారమును మేము పుస్తకములలో గూడ జూడలేదు. కోట బలము గోడలలో లేదు, గాదెలో నున్నదని యయ్యవారన్న మాట యా చీకటి కమానుక్రింద నిలుచున్నప్పుడు మాకు బాగుగా దెలిసినది. ముట్టడి వేసినవాడు గోడ నెక్కనక్కరలేదు. గాదె వట్టిపోవువఱకు వేచియున్న జాలును. నీటికి రాయలచెరువు గోటలోపలనే యున్నది. పావురముల గోపురమును, కారాగృహమును త్వరగా చూచి ముగించితిమి. గోడలమీద బొగ్గుతోను మేకులతోను తమ పేళ్లు వ్రాసిపోయినవారు వేలకొలది. మీర్ జుమ్లాయైనను తన పేరు నిన్ని చోట్ల వ్రాయించుకొనలేదు.

మసీదునొద్దనే కత్తుల కోనేరు గలదు. యుద్ధమునుండి మఱలిన భటులు తమ కత్తులను దీనిలో గడిగిరనియు, నీ రెఱ్ఱబాఱెననియు జెప్పుదురు. అచ్చట మేకలను గాచుకొనుచున్న వృద్ధు డొకడు మాకీ కథ చెప్పెను. మాలో నొకడు, "తాతా, మీరు చిన్ననాడెన్నడైన నెఱ్ఱనీరు చూచితిరా?" యని యడుగగా, నాతడు, "వానకాలములో ఈ కొండమీద యే గుంట చూచినను ఎఱ్ఱనీరే గదా, నాయనా! కత్తులెందుకు?" అని నవ్వెను. ఎఱ్ఱని యినుపమన్ను కడిగిన నీ రెఱ్ఱగానే యుండును. కథ చెప్పినదియు నాతడే, దానికి భాష్యము చెప్పినదియు నాతడే.

కోట తరువాతి చరిత్ర చెప్పుటకు నాలుగు మాటలు చాలును. కడప నవాబులు, ఆ పిమ్మట హైదరాలీ, టిప్పూ సుల్తాను వరుసగా నేలిరి. 1791లో నింగ్లీషు సైన్యము దీనిని గైకొనెను. 1800లో నిజాము రాయలసీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేయగా, మన్రో దొర దానికి గలెక్టరుగా వచ్చెను. ఆపై గోటకు బని లేకపోయినది.

సాయంకాల మగుచుండగా మఱల గండియంచున గూర్చుంటిమి. క్రింద నీరు పచ్చగా నిలిచియుండెను. పడమట గండికోట జలాశయపు టానకట్ట, తూర్పున మైలవరము జలాశయము. నడుమ నీ గండి. గార్డాతో బోల్చుటకు లెక్క వేసితిమి. గండికోట జలాశయము నిండినచో 26.85 టీయంసీల నీరు పట్టును. ఒక టీయంసీ యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. గార్డాలో నిట్టివి 60కి మించి పట్టును. నీటిలెక్కలో మనము ఓడితిమి. అయినను 300 అడుగుల ఎఱ్ఱగోడలు సిర్మియోనెలో లేవు గదా యని కొందఱు సంతోషించిరి.

అప్పు డొక బాలుడు మెల్లగా, "మా యవ్వ ఊరు ఆ పడమటి నీళ్లలోనే యున్నది" అనెను. వాని మాతామహుల గ్రామము కొండాపురము మండలమున నుండెను. గండికోట జలాశయము క్రింద తాళ్లప్రొద్దుటూరు మొదలుకొని యిరువదికి బైగా గ్రామములు మునిగినవి; 2020లో నీటిని బెంచినప్పు డనేకులు వానలలో నిల్లు విడువవలసివచ్చినది. వాని యవ్వ యిటుకలను గాని పెంకులను గాని తెచ్చుకొనలేదు. ద్వారబంధమును, గడపను మాత్రము విప్పించి బండిమీద వేయించెనట. క్రొత్తకాలనీలో నింటికి సిమెంటు వాకిలి ముందే యమర్చియుండగా, ఆ గడప యిప్పటికిని ప్రహరీకి జేరగిలబడి యున్నదట. పండుగనాడు మాత్ర మామె దానికి పసుపు రాచును.

బస్సువఱకు నడచుచు మేము వాదించుకొంటిమి. ఒకడు, పులివెందుల, జమ్మలమడుగు సీమలలో ద్రాగునీటికై జనులెంత కష్టపడిరో తన తండ్రి చెప్పెననియు, కఱవుసీమకు నీరు వచ్చుట కంటె ధర్మము లేదనియు జెప్పెను. వానిది నిజమే. ఇంకొకడు, నీరు కావలసినవారు వేఱు, ఊరు వదలినవారు వేఱు. లాభము నష్టము నొక్కరికే వచ్చినచో లెక్క సరిపోవును గాని, యిట్లైన నెట్లు సరిపోవుననెను. వానిదియు నిజమే. మాలో నందఱకును జురుక్కున దగిలినది వేఱొకటి. ఆ యవ్వ యూరిని ముంచిన నీటిలో గొంత మా గోరకల్లునుండి పోయినదే. పాణ్యములో మేము కాలువగట్టున గూర్చుండి గులకఱాళ్లు విసరినప్పుడు, ఆ నీ రెవరి యింటికి బోవుచున్నదో యెన్నడును దలపోయలేదు. ఆ బాలుడు మాతో నాఱేండ్లుగా జదువుచున్నాడు. వాని యవ్వ యూరు పేరు మా కాదినముననే దెలిసినది. ఉపాధ్యాయు లీ వాదమున జోక్యము కలుగజేసికొనలేదు. మీర్ జుమ్లా విగ్రహములనుగూర్చి యడిగిన బాలిక మాత్రము వాని ప్రక్క సీటులో గూర్చుండి, గడప యే కొయ్యతో జేసినదని యడిగెను. వేపకొయ్య యని వాడు చెప్పెను.

తిరుగుదారిలో మేము చేసిన పని యొకటి చెప్పవలసియున్నది. కోట రక్షితస్థల మగుటచే లోపల నొక్క ఱాతినైనను ముట్టలేదు. వెలుపల రోడ్డు కోసిన చోట్లను, దారిప్రక్క గుట్టలొద్దను, ఉపాధ్యాయులు చూపినకొలది యొక్కొక్క ముక్క యెత్తితిమి. జమ్మలమడుగు ప్రాంతమున దొరకిన నల్లని నార్జి సున్నపుఱాయి మన యిండ్లలో బఱచుకొను కడపబండయే యని యప్పుడు గ్రహించితిమి. మఱునాడు వానిని విజ్ఞానశాలలోని గాజుబీరువాలో వయస్సు ప్రకారము క్రిందినుండి మీదికి బేర్చితిమి. అడుగున గండికోట క్వార్ట్‌జైటు, దానిపైని బనగానపల్లె ఱాయి, ఆపై నార్జి సున్నపుఱాయి, అటుపిమ్మట నొక ఖాళీ గడి, దానిపైని బాణ్యము, ఆ మీద కోయిలకుంట్ల, అన్నిటికి బైని నంద్యాల పలకఱాయి. ఆ ఖాళీ గడి యవుకు పలకఱాతిది. చీకటి పడుటచే నటువైపు పోలేకపోతిమి. వచ్చు సంవత్సరపు పదవతరగతివా రవుకునకు బోయి, సొరంగములను జూచి, ఆ ముక్కను దెత్తురని నిశ్చయించి, గడిలో నూరిపేరు వ్రాసిన చీటిని మాత్ర మతికించితిమి.